ఎడారి ఎండాకాలం, ఇద్దరు మగపిల్లలు: రోజుని తిరగేయడం ఎలా

ఎడారిలో మొదటి ఎండాకాలం గడపబోతున్న అమ్మానాన్నలకి నేను చెప్పేది ఒకటే, రోజుని తిరగేయండి. పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా ఉన్న టైముని రాత్రి అనుకోండి, తెల్లవారుజామునీ పొద్దుగూకిన తర్వాత టైమునీ పగలు అనుకోండి. మాకు ఇద్దరూ మగపిల్లలే, పెద్దోడికి 7, చిన్నోడికి 4. మొదటి ఏడాది నేను ఇలా చెయ్యలేదు, మామూలు చోట ఉన్నట్టే ఏడింటికి లేపి, నిదానంగా టిఫిన్ పెట్టి, తొమ్మిదిన్నరకి పార్కుకి తీసుకెళ్ళేదాన్ని, పది నిమిషాలకే ఇద్దరి మొహాలూ కందిపోయేవి, చిన్నోడు ఎత్తుకోమని ఏడుపు, పెద్దోడు ఇంటికెళ్దామని గొడవ, ఇంటికొచ్చాక ఆడుకోని ఆ ఓపికంతా ఒకళ్ళనొకళ్ళు తన్నుకోవడంలో పోయేది. ఆ రెండు నెలలూ ఇద్దరినీ తెగ తిట్టాను, ఇప్పుడు తల్చుకుంటే బాధేస్తుంది, వాళ్ళకి పరిగెత్తే టైము నేను ఇవ్వలేదు.

పిల్లల్ని ఒప్పించడానికి నాకు పనికొచ్చింది ఎడారి జంతువులు. "ఐదింటికి లేవాలి" అంటే ఎవడూ లేవడు, అదే "ఫెనెక్ నక్క ఎండ పడకముందే పని అంతా చేసేసుకుని బొరియలోకి పోతుంది, మనం కూడా పోదాం" అంటే లేస్తారు. ఫెనెక్ నక్కకి అంత పెద్ద చెవులు ఎందుకో చెప్పాను, ఒంట్లో వేడి ఆ చెవుల్లోంచి బయటికి పోవడానికి. కంగారూ ఎలుక నీళ్ళు తాగకుండానే బతికేస్తుంది, తిన్న గింజల్లోంచే దాని ఒంట్లో నీళ్ళు తయారవుతాయి. ఒంటె మూపురంలో ఉండేది నీళ్ళు కాదు కొవ్వు అని తెలిసినరోజు పెద్దోడు వారం పాటు కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఒక్క సహారా వెండి చీమ మాత్రం మిట్టమధ్యాహ్నం బయటికొస్తుంది, అది కూడా కొద్ది నిమిషాలే, వెంటనే పుట్టలోకి. మా ఇంట్లో మధ్యాహ్నం చెత్త పడేయడానికో కారులో మర్చిపోయిన వస్తువు తేవడానికో వెళ్తే దాన్ని "వెండి చీమ పని" అంటాం, పరిగెత్తి వెళ్ళి పరిగెత్తి రావాలి.

ఇంక పొద్దున సంగతి. ఎడారిలో గాలి పొడి, మబ్బుండదు, అందుకే పగలు పట్టిన వేడి రాత్రికి ఆకాశంలోకి పోతుంది, సూర్యోదయం ముందు అరగంట, తర్వాత గంట, ఆ గంటన్నరే మొత్తం రోజులో చల్లటి టైము. సైకిళ్ళు, బంతి, మట్టి, పరుగు పందెం అన్నీ అప్పుడే. మేము 5కి లేచి 5:20కి గుమ్మం దాటతాం, టిఫిన్ వచ్చాకే, వెళ్ళేముందు ఏదో ఒక పండు, కొన్ని నీళ్ళు చాలు. బట్టలు, టోపీ, బూట్లు ముందురోజు రాత్రే తీసిపెట్టాలి, పొద్దున్నే సాక్సులు వెతికితే ఆ చల్లటి టైము సాక్సులకే పోతుంది. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన ఉన్నది, బయటికెళ్ళే 15 నిమిషాల ముందు రాయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ. మగపిల్లలు మొహానికి రాయించుకోడానికి చాలా మారాం చేస్తారు, మావాళ్ళకి ఒకడి మొహానికి ఇంకొకడు రాయడం అప్పజెప్పాను, నేను చివర్లో చెవులు, మెడ వెనకాల, పాదాల పైన సరిచూస్తా, అందరం మర్చిపోయేవి ఆ మూడే. పూర్తి చేతుల పల్చటి కాటన్ చొక్కా, చుట్టూ అంచున్న టోపీ ఉంటే రాయాల్సిన చోటు కూడా తగ్గుతుంది. క్యాప్ అయితే చెవులూ మెడా కాలిపోతాయి.

తిరిగి రావాల్సిన టైము మనమే పెట్టుకోవాలి, పిల్లలు అలిసిపోయేదాకా ఆగకూడదు. ఆటలో ఉన్న పిల్లాడికి ఎండ తెలీదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మాకు 7:30 అంటే 7:30, ఇంకా బాగానే ఉంది కదా అని నాకే అనిపించిన రోజు కూడా వచ్చేస్తాం.

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడే కొత్తగా వచ్చినవాళ్ళు మోసపోతారు. తేమ ఉన్న చోట చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, అబ్బో చెమట పట్టింది నీళ్ళు తాగు అంటాం. ఎడారిలో చెమట పట్టినట్టే కనపడదు, పట్టగానే ఆరిపోతుంది, పిల్లాడు పొడిపొడిగా హాయిగా ఉన్నట్టే ఉంటాడు, లోపల నీళ్ళు మాత్రం అయిపోతూ ఉంటాయి. నుదుటి మీద వేలితో రాసి చూడండి, తెల్లగా ఉప్పు తగిలితే బోలెడు చెమట పోయిందని అర్థం. కాబట్టి దాహమేస్తే అడుగుతాడులే అని ఊరుకోవద్దు, ఆడుతున్నప్పుడు 15, 20 నిమిషాలకోసారి ఆట ఆపి నాలుగైదు గుక్కలు తాగించండి. ఎవరి బాటిల్ వాళ్ళకి, రంగు వేరు, మూత వాళ్ళే తీసుకోగలిగేది. ఇద్దరికీ ఒకటే బాటిల్ అయితే ఎవడు ఎంత తాగాడో తెలీదు, పైగా దానికోసం కొట్టుకుంటారు.

సరిపడా తాగారా లేదా అని తెలుసుకోడానికి బాత్రూమే చాలు. లేత పసుపు అయితే ఓకే, ముదురు పసుపు అయితే తక్కువ తాగినట్టు, నాలుగైదు గంటలు అసలు వెళ్ళలేదంటే నేనైతే వెంటనే కూర్చోబెట్టి తాగిస్తా. మగపిల్లలకి ఇది చెప్తే ఇష్టంగా రిపోర్ట్ ఇస్తారు, "అమ్మా, ఈరోజు లేత పసుపు" అని అరుచుకుంటూ వస్తారు, నేనూ సీరియస్‌గానే వింటాను. అయితే ఉత్త నీళ్ళే బలవంతంగా లీటర్లకి లీటర్లు పట్టించడం కూడా మంచిది కాదు, చెమటతో ఉప్పు కూడా పోతుంది కదా, ఒంట్లో ఉప్పు మరీ పల్చబడిపోతే అది కూడా ప్రమాదమే, మధ్యలో ఉప్పు తగిలే తిండి ఏదైనా పెట్టాలి. పుచ్చకాయ చాలా మంచిది, 90 శాతం పైగా నీళ్ళే, అసలు అది పుట్టిందే ఆఫ్రికా ఎండ నేలల్లో. వాంతులో విరేచనాలో అయితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇంట్లో ఉండి తీరాలి, ప్యాకెట్ లేనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్ తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ.

బాటిల్ చల్లగా ఉండటానికి ఒక చిట్కా, రాత్రి సగం నీళ్ళు పోసి ఫ్రీజర్లో అడ్డంగా పడుకోబెట్టండి, పొద్దున మిగతా సగం మామూలు నీళ్ళు పోస్తే ఒక పక్కంతా ఐసు ఉండి చాలాసేపు చల్లగా ఉంటుంది.

కాళ్ళు. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నా. సాయంత్రం 5 అయింది, ఎండ తగ్గినట్టే ఉంది, చిన్నోడు చెప్పుల్లేకుండా వాకిట్లోకి పరిగెత్తాడు, నాలుగడుగులు వేసి మధ్యలో నిలబడిపోయాడు, ముందుకీ రాలేడు వెనక్కీ రాలేడు, కేకలు. నేను వెళ్ళి ఎత్తుకునేలోపు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. గాలి 40 డిగ్రీలు ఉంటే ఎండలో ఉన్న తారు, సిమెంటు 60 డిగ్రీలు దాటిపోతాయి, ఆ వేడికి చర్మం కాలడానికి కొన్ని సెకన్లు చాలు, పిల్లల చర్మం మనకన్నా పల్చన. పైగా సూర్యుడు దిగిపోయినా నేల గంటల తరబడి వేడి వదల్దు. అప్పట్నుంచి గుమ్మం దగ్గర రూల్ ఒకటే, చెప్పులు లేకుండా గడప దాటకూడదు, అర నిమిషం పనైనా సరే. మనం అరచేతి వెనక భాగం నేలకి ఆనించి 5 సెకన్లు ఉంచలేకపోతే పిల్లల కాళ్ళు అక్కడ పెట్టనివ్వొద్దు. కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి, ఐసు పెట్టకూడదు, పేస్టులూ పౌడర్లూ రాయకూడదు, బొబ్బలొస్తే డాక్టరుకి చూపించాలి.

అలాగే ఎండలో పడున్న నీళ్ళ పైపు, పిల్లలు సరదాగా కుళాయి తిప్పి మొహాన కొట్టుకుంటారు, మొదట వచ్చే నీళ్ళు సలసలా కాగుతుంటాయి. ముందు పక్కకి తిప్పి నీళ్ళు వదిలి, చెయ్యి పెట్టి చూసి అప్పుడు ఇవ్వాలి. పార్కులో జారుడుబల్ల, ఉయ్యాల గొలుసు, ఇనప గేటు గొళ్ళెం, కారు సీటు బెల్టు బకిల్, ఇవన్నీ ముందు మన చెయ్యి, తర్వాత వాళ్ళ చెయ్యి. సీటు మీద లేత రంగు టవల్ ఒకటి కప్పి ఉంచితే ఎక్కేటప్పుడు తొడలు చురుక్కుమనవు.

కారులో పిల్లల్ని వదలకూడదని అందరికీ తెలుసు, అయినా నేను చెప్తా. మూసిన కారులో 10 నిమిషాలకే వేడి సుమారు 11 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు, చిన్న పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. వెనక సీట్లో చిన్నోడు నిద్రపోయినప్పుడే ప్రమాదం, చప్పుడుండదు కాబట్టి. నేను నా హ్యాండ్‌బ్యాగ్, ఫోన్ రెండూ వెనక వాళ్ళ కాళ్ళ దగ్గర పెడతా, దిగాక ఎలాగూ వెనక డోర్ తియ్యాల్సిందే. ఇంకోటి చాలామందికి తట్టదు, ఇంటి దగ్గర ఆపి ఉన్న కారులోకి పిల్లలే దూరి ఆడుకుంటారు, తలుపు తీసుకోవడం రాదు. దాగుడుమూతలు ఆడే వయసు మగపిల్లలున్న ఇంట్లో కారు ఎప్పుడూ లాక్ అయి ఉండాలి, తాళాలు అందనంత ఎత్తులో ఉండాలి, పిల్లాడు కనపడకపోతే ముందు నీళ్ళున్న చోటు, తర్వాత కారు, ఆ తర్వాతే మిగతావి వెతకాలి.

ఇల్లు చల్లగా ఉంచుకోవడం పెద్ద విద్యేం కాదు. తెల్లవారుజామున కిటికీలన్నీ తెరిచి, బయట గాలి లోపలికన్నా వేడెక్కగానే మూసెయ్యడం, పడమటి కిటికీలకి వీలైతే బయటవైపు నీడ ఏర్పాటు చెయ్యడం, ఎందుకంటే లోపల కర్టెన్ వేసేటప్పటికే వేడి అద్దం దాటేసి ఉంటుంది. నీళ్ళ కూలర్ పొడి గాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే గదిలో తేమ నిండిపోయి ఉక్కపోస్తుంది. ఏసీ కూలర్ లేకుండా ఉత్త ఫ్యానే ఉండి గదిలో 40 డిగ్రీలు దాటితే ఆ ఫ్యాను వేడి గాలినే ఒంటికి కొడుతుంది, అప్పుడు ఒళ్ళు తడిపి ఇంకా చల్లటి చోటికి మారడమే. కరెంటు పోతే ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకుని ఉంచుకోండి.

ఇప్పుడు అసలైన పరీక్ష, మధ్యాహ్నం. ఎనిమిది తొమ్మిది గంటలు లోపలే, ఇద్దరు మగపిల్లలు. నా పద్ధతి ఏంటంటే ఒళ్ళు అలిసే పని ఒకటి, కూర్చునే పని ఒకటి, మార్చి మార్చి. ఒళ్ళు అలిసే పని అంటే దిండ్లు, కుర్చీలు, దుప్పట్లు వేసి ఇల్లంతా అడ్డంకుల పందెం, నేల మీద రంగు టేపుతో రోడ్డు, పాత అట్టపెట్టెలు. అట్టపెట్టెలు మాత్రం పారెయ్యకండి, నాకు తెలిసి ఇంత పనికొచ్చే బొమ్మ ఇంకోటి లేదు. కూర్చునే ఆటల్లో మావాళ్ళు విసుగు లేకుండా ఆడేది ఐసు తవ్వకం. రాత్రి ఒక గిన్నెలో నీళ్ళు పోసి చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువులు వేసి గడ్డ కట్టించడం, మధ్యాహ్నం ఆ గడ్డ ట్రేలో పెట్టి ఇద్దరికీ చెరో స్పూను, కొంచెం ఉప్పు, గోరువెచ్చటి నీళ్ళు ఇవ్వడం. ఉప్పు వేసిన చోట గుంట ఎందుకు పడుతుందో పెద్దోడే కనిపెట్టాడు. దాంతో ముప్పావు గంట, గంట గడుస్తుంది. చిన్నోళ్ళకి మరీ చిన్న బొమ్మలు వెయ్యొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

కొట్లాటలకి నేను గమనించింది ఒకటుంది. మా ఇంట్లో యుద్ధాలన్నీ మూడున్నర నాలుగు మధ్యే, మొదట్లో న్యాయం చెప్పేదాన్ని, ఎవడు ముందు కొట్టాడు, బొమ్మ ఎవడిది అని, అస్సలు తెగేది కాదు. ఇప్పుడు ఏం అడగను, ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్ళు, ఏదైనా తినడానికి, తాగాక ఇద్దరినీ గోరువెచ్చటి నీళ్ళ టబ్బులోనో బకెట్ల దగ్గరో మగ్గులిచ్చి కూర్చోబెడతా, నేను పక్కనే ఉంటా. సగం కొట్లాటలు దాహమే, మిగతా సగం ఆకలో నిద్రో. ఇంకోటి, మధ్యాహ్నం ఒక గంట ఇద్దరూ వేరు వేరు గదుల్లో, నిద్రపోయినా సరే, బొమ్మలు చూసుకున్నా సరే. రోజంతా ఒకే చోట ఉన్న అన్నదమ్ములకి ఒకడి మొహం ఇంకొకడు చూడని గంట కావాలి, ఆ గంట అయ్యాక వాళ్ళే తలుపు దగ్గరకొచ్చి "అన్నా, అయిపోయిందా" అని అడుగుతుంటారు, ఆ గొంతు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. టీవీ, ట్యాబ్ నేను పూర్తిగా ఆపలేదు, రోజూ ఒకే టైముకి, గంటంపావు, బయట వేడి అన్నిటికన్నా ఎక్కువుండే నాలుగింటికి. టైము మారకపోతే అడగడం ఆగిపోతుంది.

స్విమ్మింగ్ పూల్ ఉంటే సాయంత్రం 6 తర్వాత. పిల్లలు మునిగేటప్పుడు అరుపులుండవు, చేతులు ఊపడం ఉండదు, చప్పుడే ఉండదు, నిమిషం కూడా పట్టదు. ఈత రాని పిల్లాడు మన చెయ్యి అందే దూరంలో ఉండాలి, ఈత వచ్చినవాడి మీద కూడా కన్ను తియ్యకూడదు. ఇద్దరు పిల్లలుంటే ఇంకా జాగ్రత్త, ఒకడికి కళ్ళజోడు సర్దుతుంటే రెండోవాడి వైపు మన వీపు ఉంటుంది. అందుకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే "ఈ 15 నిమిషాలు నువ్వు చూడు" అని నోటితో చెప్పి అప్పగించాలి, ఇద్దరూ చూస్తున్నారంటే ఎవరూ చూడనట్టే. ఈత బట్టలు నీలం, తెలుపు కొనొద్దు, నీళ్ళలో కనపడవు, మెరిసే నారింజో ఎరుపో కొనండి. ఆట అయ్యాక చిన్న టబ్బుల్లో, బకెట్లలో నీళ్ళు ఒంపెయ్యాలి.

పొడి గాలికి ముక్కులోంచి రక్తం రావడం మామూలే, చూసి భయపడొద్దు. తల వెనక్కి వాల్చకూడదు, ముందుకి వంచి కూర్చోబెట్టి ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు గట్టిగా పట్టుకోవాలి, మధ్యలో వదిలి చూడకూడదు, అది ఆగకపోతే డాక్టరు. స్నానం అవగానే ఒళ్ళు కొంచెం తడిగా ఉన్నప్పుడే లోషన్ రాస్తే దురదలు తగ్గుతాయి.

వడదెబ్బ మాత్రం గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తలనొప్పి, వికారం, పాలిపోవడం, బాగా నీరసం, ఇవి మొదటి గుర్తులు. వెంటనే నీడలోకి, చల్లటి గదిలోకి తీసుకెళ్ళి బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచి విసురుతూ కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టాలి. అదే పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటినా అది ప్రాణం మీదకొచ్చినట్టే, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి, అది వచ్చేలోపు ఒళ్ళంతా నీళ్ళు పోస్తూనే ఉండాలి. జ్వరం మాత్రలు దీనికి పనిచెయ్యవు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఇంక మాకు ఇష్టమైన టైము, రాత్రి. పొద్దుగూకాక గంటకి నేల చెయ్యి పెట్టేట్టు అయితే బయటికెళ్తాం. చిన్న పారతో ఇసుక మోచేతి లోతు తవ్వి, పైన ఇసుక, కింద ఇసుక పట్టుకుని చూడమంటా, పగలంతా కాలిన ఇసుక కింద అంత చల్లగా ఉంటుందని చిన్నోడు మొదటిసారి నమ్మలేదు, నక్క బొరియ ఎందుకు తవ్వుకుంటుందో ఆ రోజు వాడికి అర్థమైంది. అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి, ఎడారిలో పిల్లలున్న ఇంటికి అది అవసరం, ఆ వెలుగులో తేళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి. రాళ్ళ దగ్గర, గోడ మూలల్లో, బూట్లు పెట్టే చోట వేసి చూస్తే ఎక్కడున్నాయో ముందే తెలిసిపోతుంది. పిల్లలకి దూరం నుంచి చూపిస్తా, రాయి ఎత్తడం, కన్నంలో చెయ్యి పెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు, ఎండాకాలంలో పాములు కూడా రాత్రే తిరుగుతాయి. తేలు కుడితే, అదీ చిన్న పిల్లాడిని, చూద్దాంలే అనుకోకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోవాలి. ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకైతే ఎండాకాలం రాత్రి దక్షిణం వైపు ఆకాశంలో కూడా ఒక తేలుంటుంది, వృశ్చికరాశి, వంకర తోకతో సహా, మధ్యలో ఎర్రగా జ్యేష్ఠ నక్షత్రం. నేల మీద తేలు, ఆకాశంలో తేలు రెండూ చూసిన రోజు పిల్లలు మంచం ఎక్కేదాకా అదే కబుర్లు.

వర్షం పడే సూచన ఉంటే ఎండిపోయిన వాగుల్లోకి మాత్రం ఆటకి తీసుకెళ్ళొద్దు, వాన ఎక్కడో దూరాన పడినా నీళ్ళు ఉన్నట్టుండి వచ్చేస్తాయి. పారే నీళ్ళు 15 సెంటీమీటర్లుంటే పెద్ద మనిషి పడిపోతాడు, 30 ఉంటే చిన్న కారు కొట్టుకుపోతుంది. దారిలో ఇసుక తుఫాను కమ్మితే కారుని రోడ్డు మీంచి పూర్తిగా పక్కకి దింపి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేక్ మీంచి కాలు తీసి, బెల్టులతోనే కూర్చోవాలి. లైట్లు వెలుగుతుంటే వెనక వచ్చేవాళ్ళు అదే రోడ్డనుకుని మన మీదకే వస్తారు.

ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా పడుకోబెట్టాలి, రాత్రి నిద్ర తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నం నిద్ర కూడా కావాలి, చిన్నోడికైతే ఆ గంట సరిపోదు, ఇంకాస్త ఎక్కువ పడుకోనివ్వాలి. వాళ్ళు పడుకున్నాక నేను చేసే పనులు మూడు. బాటిళ్ళు సగం నింపి ఫ్రీజర్లో అడ్డంగా పెట్టడం, టోపీలూ సన్‌స్క్రీనూ గుమ్మం పక్క బుట్టలో వెయ్యడం, రెండు జతల బూట్లూ నేలకేసి గట్టిగా దులిపి టార్చి వేసి లోపల చూసి, మళ్ళీ ఏదీ దూరకుండా మూతున్న డబ్బాలో పెట్టడం. ఆ తర్వాత అలారం 4:50కి.